మూడు రోజుల పథ్యం, మూడేళ్ల నాడి

2023 మే నెలాఖరు. ద్రాక్షారామం దగ్గర ముప్ఫై పడకల చిన్న ఆసుపత్రిలో నేను ఈసీజీ టెక్నీషియన్‌ని. అప్పటికి అదే గదిలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. బడులు తెరవడానికి రెండు వారాల ముందు చుట్టుపక్కల స్కూలు బస్సుల డ్రైవర్లకి మా దగ్గర మెడికల్ క్యాంపు జరుగుతుంది. కంటిచూపు, బీపీ, పరగడుపున షుగరు, ఈసీజీ. నాలుగూ బాగుంటే మా డాక్టరుగారు ‘ఫిట్’ అని సంతకం పెడతారు. ఆ కాగితం స్కూలుకి చేరితేనే జూన్‌లో బస్సు తాళం చేతికొస్తుంది.

నా పని గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అంతా మిషనే చేస్తుందనీ, నేను మీట నొక్కి కాగితం చింపి ఇస్తాననీ అనుకుంటారు. మా అత్తగారైతే “కూర్చుని చేసే పనే కదమ్మా” అని ఇప్పటికీ అంటారు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది కాబట్టి ఆ మాటకి ఇప్పటికీ జవాబిస్తూనే ఉంటాను. మిషన్ గీత గీస్తుంది. లీడ్, అంటే ఛాతీ మీద అతికించే తీగ, ఒక పక్కటెముక పైకి పెట్టినా కిందికి పెట్టినా ఆ గీత మారిపోతుంది. పడుకున్న మనిషి పళ్లు బిగబట్టినా మారిపోతుంది. గీత నమ్మదగ్గదా కాదా అని తేల్చడం నా పని. దానికి అర్థం చెప్పడం డాక్టరుగారి పని. ఈ రెండు పనుల మధ్య గీత నేను మామూలుగా దాటను. ఆ ఏడాది దాటాల్సి వచ్చింది.

క్యాంపు రోజు ఉదయం ఏడు గంటలకే వరండా నిండిపోయింది. ఖాళీ కడుపులతో వచ్చిన ఇరవైమంది మగాళ్లు ఒకచోట చేరితే ఎంత గోలగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. తొమ్మిదోవాడుగా సత్తిబాబు లోపలికొచ్చాడు. అసలు పేరు అది కాదు, మార్చాను. అతనికీ అతని భార్యకీ చెప్పే ఇది రాస్తున్నాను. వయసు నలభై ఒకటి, మనిషి బక్కగానే ఉంటాడు, పొట్ట మాత్రం చొక్కా గుండీలను పరీక్షిస్తూ ఉంటుంది. నలభైమంది పిల్లల్ని ఎక్కించుకుని కాలవ గట్టు మీదుగా రోజూ రెండుసార్లు బస్సు నడుపుతాడు. ఆ గట్టు రోడ్డు తెలిసినవాళ్లకి అదెంత పనో తెలుసు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే.

రబ్బరు బుడగలు ఛాతీకి అంటిస్తుంటే నవ్వాడు. “గుండెని బయటికి లాగేయదు కదండీ, మేడంగారూ?”

“లాగితే మళ్లీ పెట్టేస్తాలెండి. మాట్లాడకుండా పడుకోండి.”

కాగితం బయటికొచ్చింది. ఈసీజీ కాగితం మీద చిన్న గళ్లూ పెద్ద గళ్లూ ఉంటాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక కొన లేస్తుంది. రెండు కొనల మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో లెక్కపెట్టి, ఆ అంకెతో మూడు వందల్ని భాగిస్తే నిమిషానికి గుండె వేగం వస్తుంది. సత్తిబాబుకి సరిగ్గా మూడు గళ్లు, అంటే వంద. ఎండలో సైకిలు తొక్కుకుని వచ్చాడేమోనని ఫ్యాను కింద పది నిమిషాలు పడుకోబెట్టి మళ్లీ తీశాను. మళ్లీ మూడు గళ్లే. కాగితం పొడుగునా ఎక్కడ కొలిచినా మూడు గళ్లే. తాడు కట్టి నాటిన వరి వరసలా ఒక్క మొక్క అటూ ఇటూ లేదు.

చూడ్డానికి అది ఎంతో పొందికగా ఉంటుంది. అక్కడే మోసపోతాం. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీల్చేటప్పుడు కాస్త వేగం, వదిలేటప్పుడు కాస్త నిదానం. మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ అనే నరం ఆ వేగాన్ని అదుపు చేస్తూ ఉంటుంది. నలభై ఏళ్లవాడిలో ఆ హెచ్చుతగ్గులు కంటికి కనబడాలి. నేను గోడ గడియారం చూపించి, “ఐదు సెకన్లు పీల్చండి, ఐదు సెకన్లు వదలండి, నిమిషంపాటు ఇలాగే” అన్నాను. దీన్ని డీప్ బ్రీతింగ్ టెస్ట్ అంటారు. పీల్చినప్పటి వేగానికీ వదిలినప్పటి వేగానికీ పదిహేను దాకా తేడా రావాలి. పది దాటకపోతే ఆలోచించాలి. అతనికి నాలుగు వచ్చింది.

పాత ఫైలు తెప్పించాను. క్రితం ఏడాది తొంభై ఆరు, అంతకు ముందు తొంభై రెండు. రెండేళ్లూ షుగరు మాత్రం మామూలే. రెండు కాగితాల మీదా అంకె పక్కన ‘యాంగ్షస్’ అని రాసి ఉంది, అంటే కంగారు పడుతున్నాడని. రెండూ నా చేతిరాతే. డాక్టరుగారు ఆ మాట చూసి, ఆ వేగానికి కారణం అదేలే అని సంతకం పెట్టేసి ఉంటారు.

ఆ రోజు అతని పరగడుపు షుగరు నూట ఎనిమిది వచ్చింది. కాస్త అంచు మీద ఉంది గానీ ‘అన్‌ఫిట్’ రాసేంత కాదు. మూడు కాగితాలూ పట్టుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్లాను. ఆయన నిదానస్తుడు, నా గొడవలకి అలవాటు పడినవాడు.

“షుగరు పెద్దగా లేదు కదమ్మా,” అన్నారు.

“గుండె వేరే చెబుతోందండి.”

ఆయన గీత మీద స్కేలు పెట్టి కొలిచారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత చెప్పింది నేను ఇక్కడ నా మాటల్లో రాస్తున్నాను. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే సన్నటి నరాలు దెబ్బతింటాయి, గుండెని అదుపు చేసే నరం అందులో ఒకటి. కొందరిలో షుగరు వ్యాధి అని తేలకముందే విశ్రాంతిలో గుండె వేగం ఏటేటా పెరుగుతూ, ఆ హెచ్చుతగ్గులు తగ్గుతూ వస్తాయి. అలాగని నాడి వేగంగా ఉన్న ప్రతివాడికీ షుగరు ఉన్నట్టు కాదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, జ్వరమొచ్చినా, నిద్ర చాలకపోయినా వేగం పెరుగుతుంది. అందుకే నాడి చూసి జబ్బు పేరు చెప్పకూడదు. వెతకడం మాత్రం మానకూడదు.

“హెచ్‌బీఏవన్‌సీ చేయిద్దాం, థైరాయిడూ చూద్దాం,” అన్నారు. హెచ్‌బీఏవన్‌సీ అంటే గత మూడు నెలల్లో షుగరు సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష. “కానీ క్యాంపులో ఆ పరీక్ష లేదు. అతను ఒప్పుకోవాలి. ఫారాలు శనివారానికి పంపాలి, గుర్తుంది కదా?”

అతను ఒప్పుకోలేదు. “అంతా బాగానే ఉంది కదండీ, మళ్లీ సూదెందుకండీ?” అని చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి నడిచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ తొందర.

పదింటికి టీ కోసం గేటు ఎదురుగా ఉన్న టిఫిను బండి దగ్గరికి వెళ్లాను. డ్రైవర్లందరూ అక్కడే ఉన్నారు. కరువు ప్రాంతం నుంచి వచ్చినట్టు తింటున్నారు. సత్తిబాబు చేతిలో మూడు పెసరట్లు, అందులో ఉప్మా. నన్ను చూసి అతను మాత్రం పళ్లెం కాస్త పక్కకి తిప్పుకున్నాడు. పక్కనున్న పెద్దవయసు డ్రైవరు మొహమాటం లేని మనిషి. “ఏం అనుకోకండి మేడం, మూడ్రోజులైందండి అన్నం మొహం చూసి. క్యాంపు పథ్యం మాది.”

“క్యాంపు పథ్యమేంటండీ?”

అందరూ నవ్వారు. క్యాంపుకి మూడు రోజుల ముందు అన్నం బంద్. పొద్దున్న కాకరకాయ రసం, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి మెంతుల నీళ్లు. మామిడిపళ్ల వైపు చూడకూడదు. మందు చవగ్గా దొరికే యానాం వైపు అసలే వెళ్లకూడదు. ఇది ఏళ్ల తరబడి నడుస్తోందట. కొత్తగా చేరిన డ్రైవరుకి బస్సు రూటుతోపాటు ఇదీ నేర్పుతారట.

“పదో తరగతి పరీక్షలకి మా పిల్లలు కూడా ఇంత చదవరండి,” అన్నాడు పెద్దాయన. నాకూ నవ్వొచ్చింది. గోదావరి జిల్లావాడు మూడు రోజులు అన్నం మానేశాడంటే అది మాటలు కాదు. టీ సగం తాగాక నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లుగా మేము ఆ మూడు రోజుల పథ్యానికి పరీక్ష పెట్టి, మనుషులకి పెట్టామనుకుని సంతకాలు చేస్తున్నాం.

మర్నాడు పొద్దున్న సత్తిబాబు భార్య దుర్గ ఆధార్ జిరాక్సు ఇవ్వడానికి వచ్చింది. ఫారంతో జత చెయ్యాల్సింది అతను మర్చిపోయాడు. కాగితం ఇచ్చేసినా వెళ్లలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“ఆయన గుండె బాగానే ఉందాండి?”

“ఎందుకమ్మా అడుగుతున్నావు?”

“ఊరికేనండి.” గుమ్మం వైపు ఒకసారి చూసి చెప్పేసింది. సంక్రాంతి నుంచి నీళ్లు తెగ తాగుతున్నాడు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడు. మార్చిలో ఒకరోజు పిల్లల్ని దింపి వస్తూ గట్టు మీద కళ్లు చీకట్లు కమ్మితే బస్సు ఆపేసి స్టీరింగు మీద తలపెట్టుకున్నాడట. “అప్పటికి పిల్లలందరూ దిగిపోయారండి. బస్సులో ఎవరూ లేరండి,” అంది రెండుసార్లు. “షుగరు తేలితే బస్సు తీసేస్తారంటండి. పోయినేడు ఒకాయన్ని అలాగే పంపించేశారండి. నేను చెప్పానని చెప్పకండి, అక్కా.”

చెప్పనని మాటిచ్చాను. పిల్లలు దిగిపోయారు కాబట్టి సరిపోయింది. దిగకపోతే? ఆ బస్సు మా వీధి చివర కూడా ఆగుతుంది. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. శనివారం లోపు సత్తిబాబు చేతి నుంచి రక్తం తీయిస్తాను, లేదా అతని ఈసీజీ మీద ‘రిపీట్ అడ్వైజ్డ్’, అంటే మళ్లీ పరీక్షించాలి, అని రాసి సంతకం పెడతాను. అలా రాస్తే ఫారం కదలదు. అతను నన్ను తిట్టినా సరే, స్కూలువాళ్లు ఫోన్లు చేసినా సరే.

గురువారం ఫోను చేసి రమ్మన్నాను. వచ్చాడు గానీ మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. నేను మెషిన్ దగ్గరికి వెళ్లలేదు. మూడు కాగితాలూ బల్ల మీద పరిచాను.

“సత్తిబాబుగారూ, క్యాంపు పథ్యం గురించి తెలిసిపోయింది. షుగరు పరీక్షకి మీరు మూడు రోజుల్లో తయారైపోగలరు. నాడిని తయారు చెయ్యలేరు. ఇది మూడేళ్లుగా పెరుగుతూనే ఉంది, చూడండి.”

అతను కాగితాల మీదికి వంగాడు. అంకెలు చూశాడు, అంకెల పక్కన రాసినదీ చూశాడు. తలెత్తేసరికి కళ్లు ఎర్రబడ్డాయి.

“ఇక్కడేం రాశారండి ఇది?”

“కంగారు పడుతున్నారని.”

“రెండేళ్లు మీరే రాశారు కదండీ? అప్పుడు కంగారన్నారు. ఇప్పుడేమో జబ్బంటారు. అప్పుడే ఆపుంటే చిన్నదో పెద్దదో అప్పుడే తేలేది కదండీ. ఇప్పుడు నా చేతిలోంచి బస్సు లాక్కుంటే ఇంట్లో నలుగురం ఏం తినాలండి?”

నా దగ్గర నాలుగైదు జవాబులున్నాయి. అర్థం చెప్పడం నా పని కాదు. షుగరు నార్మల్ వచ్చింది. మీరే కదా మోసం చేశారు. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. నోటికి అడ్డూ అదుపూ లేనిదాన్ని, ఆ ఒక్కరోజు ఎలా ఆగానో నాకే తెలియదు.

“నా తప్పేనండి,” అన్నాను. “రెండేళ్లు చూసి కూడా చూడలేదు. మూడో ఏడు కూడా అలాగే రాసి పంపించేయమంటారా? మీరు చెప్పండి.”

అతను మూడు కాగితాలూ ఒక్కొక్కటే మళ్లీ చూశాడు. ఆసుపత్రివాళ్లు తప్పు ఒప్పుకోగా అతను ఎప్పుడూ విన్నట్టు లేదు. చివరికి చొక్కా చెయ్యి మడిచాడు.

“తియ్యండి. గట్టు మీద ఒకసారి...” అని ఆగిపోయాడు. నాకు తెలుసని అనలేదు. అతనే చెప్పేదాకా విన్నాను. చెప్పడం పూర్తయ్యాక మనిషి కుర్చీలో వెనక్కి వాలి, పెద్దగా ఊపిరి వదిలాడు.

థైరాయిడ్ మామూలుగానే ఉంది. హెచ్‌బీఏవన్‌సీ ఏడు పాయింట్ తొమ్మిది వచ్చింది. ఆరున్నర వస్తే షుగరు వ్యాధి అంటారు. డాక్టరుగారు గుండెకి మిగతా పరీక్షలు కూడా చేయించి, కళ్లు, పాదాలు చూసి మాత్రలు మొదలుపెట్టారు. ఆరు వారాలు బస్సు నడపకూడదన్నారు. ఆ తరవాత అదుపులోకి వస్తే నడపవచ్చన్నారు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. మా ఫారంలో రెండే గడులున్నాయి. ఫిట్, అన్‌ఫిట్. అన్‌ఫిట్ దగ్గర టిక్కు పడితే స్కూలువాళ్లు ఇంకో డ్రైవరుని చూసుకుంటారు. అంటే సత్తిబాబు భయం ఉత్తుత్తిది కాదు, మా కాగితమే దాన్ని పుట్టించింది. డాక్టరుగారు కింద ఖాళీలో ‘చికిత్సలో ఉన్నాడు, ఆరు వారాల తరవాత మళ్లీ పరీక్ష’ అని రాశారు. అది టపాలో పంపితే ఎవరు చదువుతారు? మధ్యాహ్నం సెలవు పెట్టి, నా స్కూటీ మీద నేనే వెళ్లాను.

స్కూలు ప్రిన్సిపాల్‌గారు కాగితం చూసి పెదవి విరిచారు. “మేడం, మాకు పిల్లల రక్షణ ముఖ్యం. రిస్కు తీసుకోలేం.”

“నాకూ అదే ముఖ్యమండి. మా వీధి పిల్లలు ఆ బస్సే ఎక్కుతారు,” అన్నాను. “ఇతన్ని తీసేస్తే క్యాంపుకొచ్చిన మిగతా పంతొమ్మిదిమందీ ఏం నేర్చుకుంటారో తెలుసాండి? ఇంకా బాగా దాచడం. వచ్చే ఏడు మూడు రోజులు కాదు, వారం రోజులు పథ్యం చేసి వస్తారు. మీరు అన్నీ నార్మల్ అనుకుంటారు. ఏది రిస్కో మీరే చెప్పండి.”

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. యాజమాన్యంతో మాట్లాడాలన్నారు. నేను ఆయన మాట్లాడేదాకా ఆఫీసు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. గంటంపావు తరవాత పిలిచారు. ఆరు వారాలు గేటు దగ్గర పని, ఉద్యోగం అలాగే ఉంటుంది.

ఆ ఆరు వారాలూ సత్తిబాబుకి సులువుగా గడవలేదు. జూన్‌లో పిల్లలు బస్సు దిగుతూ “అంకుల్, మీరు బస్సెక్కరేంటి?” అని అడిగేవారట. నేను ఎదురుపడితే తల పక్కకి తిప్పుకునేవాడు. నాకు బాధేసింది, అబద్ధమెందుకు. మంచి చేశాను కదా అనుకుంటూ పడుకున్నా ఆ బాధ పోలేదు. దుర్గ మాత్రం వారం వారం వచ్చి డైటు కాగితం చూపించి అనుమానాలు తీర్చుకునేది. అన్నం మొత్తం మానొద్దు, తగ్గించి రోజూ ఒకే లెక్కలో తినమని డాక్టరుగారు చెప్పారు. సాయంత్రం గట్టు మీద మొగుడూ పెళ్లాం కలిసి నడిచేవారు.

జులై మధ్యలో రివ్యూకి వచ్చాడు. షుగరు దారికొచ్చింది. నాడి ఎనభై ఆరు. డీప్ బ్రీతింగ్‌లో తేడా నాలుగు నుంచి ఏడుకి చేరింది. దెబ్బతిన్న నరం పూర్తిగా బాగవుతుందని ఎవరూ చెప్పలేరని డాక్టరుగారు అన్నారు. పది ఇంకా దాటలేదు, ఏడంటే ఏడే. నేను మాత్రం ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి రెండుసార్లు చూసుకున్నాను. సత్తిబాబు ఫిట్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“ఆ రోజు తప్పు మీది కాదని మీరనుంటే నేను సూదికి చెయ్యి ఇచ్చేవాణ్ణి కాదండి, అక్కా,” అన్నాడు.

తరవాతి ఏడాదికి మా ఫారంలో మూడో గడి చేరింది: చికిత్స తీసుకుంటూ పనిచేయవచ్చు. డ్రైవర్లకి పరగడుపు షుగరుతోపాటు హెచ్‌బీఏవన్‌సీ కూడా చేస్తున్నాం. ఆ ఏడాది ముగ్గురికి షుగరు తేలింది, ముగ్గురూ ఇప్పటికీ బస్సులు నడుపుతున్నారు. వృత్తిలో ఇన్నేళ్లుగా గీతల్ని నమ్మడం, నమ్మకపోవడం నేర్చుకున్నాను. ఆ కేసు నేర్పింది వేరు. మనిషి భయపడుతున్నాడని రాసి పక్కన పెట్టేస్తే, ఏం చూశామో మనకే తెలియకుండా పోతుంది. దేనికి భయపడుతున్నాడో కూడా అడగాలి. అది ఎవరి పని అని వాదించుకోవడానికి మాకు చాలా సమయం ఉంటుంది, అతనికి ఉండకపోవచ్చు.

మొన్నటి క్యాంపులో ఒక కొత్త డ్రైవరు వచ్చాడు. నాడి నూట నాలుగు. పది నిమిషాలు పడుకోబెట్టినా దిగలేదు. బుడగలు తీసేసి, మెషిన్ కట్టేసి, స్టూలు అతని మంచం పక్కకి లాక్కున్నాను.

“ఏమైనా భయంగా ఉందా, బాబూ?”

పైకప్పు వైపు చూశాడు. “ఉందండి,” అన్నాడు.

బయట క్యూ పెరిగిపోతోంది, ఎవరో తలుపు కొడుతున్నారు. తలుపుకి గడియ పెట్టి వచ్చి కూర్చున్నాను.